కాలేజీ క్రెడిట్ కోసం స్టాటిస్టిక్స్: ఏపీ పరీక్షా, డీఎస్ఎస్టీయా, కమ్యూనిటీ కాలేజీయా, ఆన్‌లైన్ కోర్సా?

అమెరికాలో నర్సింగ్, బిజినెస్, సైకాలజీ, బయాలజీ, పబ్లిక్ హెల్త్... ఏ డిగ్రీ తీసుకున్నా ఎక్కడో ఒకచోట స్టాటిస్టిక్స్ తగులుతుంది. మామూలుగా అది 3 క్రెడిట్ల క్లాసు. యూనివర్సిటీలో ఆ క్లాసుకు కూర్చోకుండానే క్రెడిట్ సంపాదించుకునే దారులు కొన్ని ఉన్నాయి. హైస్కూల్ పిల్లలున్న ఇళ్లలో హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు చదివి పరీక్ష రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే ఏపీ స్టాటిస్టిక్స్ గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు. పెళ్లయి ఇక్కడికొచ్చి చదువు మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు, ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తిచేద్దామనుకునేవాళ్లకు డీఎస్ఎస్టీ (కాలేజీ క్రెడిట్ కోసం రాసే పరీక్షలు), సోఫియా (ఆన్‌లైన్ కోర్సుల సంస్థ) వంటి పేర్లు వినపడతాయి.

అందరూ ముందు అడిగేది "ఏది తేలిక?" అని. నేనైతే దానికన్నా ముందు ఇంకోటి తేల్చుకోమంటాను. మీరు చేరబోయే కాలేజీ, మీ మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఆ క్రెడిట్‌ను దేని కింద జమ వేసుకుంటాయి? ఇది తెలియకుండా పరీక్ష ఎంచుకుంటే, మంచి స్కోరు వచ్చినా అదే సబ్జెక్టు మళ్లీ కాలేజీలో డబ్బు కట్టి చదవాల్సి రావొచ్చు.

## ముందు చూసుకోవలసినవి

క్రెడిట్ దేనికి పనికొస్తుంది. "మా కాలేజీ తీసుకుంటుంది" అన్న మాట దగ్గర ఆగిపోకండి. కాలేజీ తీసుకోవడంలో తేడాలున్నాయి. మీ మేజర్‌కు కావలసిన స్టాటిస్టిక్స్ కోర్సుకే సమానంగా లెక్కవేయొచ్చు. ఉత్త ఎలెక్టివ్ కింద వేయొచ్చు. అప్పుడు మొత్తం క్రెడిట్ల సంఖ్య పెరుగుతుంది గానీ ఆ కోర్సు మాత్రం తప్పదు. అసలు తీసుకోకపోవచ్చు కూడా. ఉదాహరణకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఏపీ స్టాటిస్టిక్స్‌లో 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే 4 క్వార్టర్ యూనిట్లు (ఇవి సెమిస్టర్ క్రెడిట్ల కన్నా చిన్నవి) ఇస్తుంది. అయితే అది ఫలానా మేజర్ అవసరాన్ని తీరుస్తుందా లేదా అన్నది ఆ క్యాంపస్, ఆ డిపార్ట్‌మెంట్ నిర్ణయం.

గ్రేడ్ వస్తుందా, ఉత్త క్రెడిట్టేనా. పరీక్ష రాసి తెచ్చుకున్న క్రెడిట్‌కు సాధారణంగా లెటర్ గ్రేడ్ ఉండదు, జీపీఏలో కలవదు. కొన్ని నర్సింగ్ ప్రోగ్రాములు ముందస్తు కోర్సులన్నిటికీ లెటర్ గ్రేడ్ అడుగుతాయి. అలాంటిచోట పరీక్ష దారి మూసుకుపోయినట్టే.

ఎప్పుడు రాయొచ్చు, తప్పితే ఎలా. ఏపీ ఏడాదికి ఒక్కసారి. డీఎస్ఎస్టీ దాదాపు ఎప్పుడైనా.

పరీక్ష తీరు. రాసి వివరించాలా, ఆప్షన్ల నుంచి ఎంచుకుంటే చాలా, ఇంట్లో కూర్చుని కొంచెం కొంచెంగా చేసుకుపోవచ్చా?

డబ్బు సంగతి కావాలనే చివరికి వదిలాను. ఈ దారులన్నీ యూనివర్సిటీ క్లాసు ఫీజు కన్నా సాధారణంగా చవకే. వాటి మధ్య తేడా నిర్ణయాన్ని మార్చేంత పెద్దది కాదు.

| | ఏపీ స్టాటిస్టిక్స్ | డీఎస్ఎస్టీ ప్రిన్సిపుల్స్ ఆఫ్ స్టాటిస్టిక్స్ | కమ్యూనిటీ కాలేజీ క్లాసు | సోఫియా వంటి ఆన్‌లైన్ కోర్సు |
|---|---|---|---|---|
| నడిపేది | కాలేజ్ బోర్డ్ | ప్రోమెట్రిక్ | స్థానిక కాలేజీ | ప్రైవేటు సంస్థ |
| ఎప్పుడు | మే నెలలో | ఏడాది పొడవునా | సెమిస్టర్ ప్రకారం | ఎప్పుడైనా |
| తీరు | ఆప్షన్లు, రాసే జవాబులు | అన్నీ ఆప్షన్లే | హోంవర్క్, మిడ్‌టర్మ్, ఫైనల్ | చిన్న చిన్న పరీక్షలు |
| ఫలితం | 1 నుంచి 5 వరకు స్కోరు | 400 వస్తే పాస్ | లెటర్ గ్రేడ్ | పాస్ |
| ఎవరు తీసుకుంటారు | చాలా యూనివర్సిటీలు, స్కోరు షరతుతో | కొన్ని కాలేజీలు | ముఖ్యంగా అదే రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలు | కొన్ని కాలేజీలు, ముఖ్యంగా ఆన్‌లైన్ డిగ్రీలవి |

## ఏపీ స్టాటిస్టిక్స్

1997లో మొదలైన పరీక్ష ఇది. క్యాలిక్యులస్ అక్కర్లేదు, ఆల్జీబ్రా 2 వచ్చినవాళ్లు చదవగలరు. 2025 మే పరీక్షలో ఉన్న తీరు ఇది: మొత్తం 3 గంటలు. మొదటి 90 నిమిషాల్లో 40 ఆప్షన్ల ప్రశ్నలు, తర్వాతి 90 నిమిషాల్లో రాసి వివరించే ప్రశ్నలు 6. రెండు భాగాలకూ చెరి సగం వెయిటేజీ. ఆరో ప్రశ్నను ఇన్వెస్టిగేటివ్ టాస్క్ అంటారు. క్లాసులో ఎప్పుడూ చూడని పరిస్థితి ఇచ్చి, తెలిసిన విషయాలతోనే దాన్ని ఛేదించమంటుంది. ఆప్షన్ల భాగం కాలేజ్ బోర్డ్ పరీక్షల యాప్ బ్లూబుక్‌లో ఉంటుంది, వివరణ జవాబులు మాత్రం కాగితం మీదే చేత్తో రాయాలి. ఈ కోర్సును కాలేజ్ బోర్డ్ సవరిస్తోంది కాబట్టి మీ పిల్లలు రాసే ఏడాదికి వర్తించే కోర్సు వివరణను వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. అన్నయ్య పుస్తకమే చెల్లికీ సరిపోతుందనుకోవద్దు.

ఫీజు 2025లో అమెరికాలో 99 డాలర్లు. నవంబరు మధ్యలోగా స్కూల్లోని ఏపీ కోఆర్డినేటర్ ద్వారా నమోదు చేసుకోవాలి. ఆ గడువు దాటితే అదనంగా 40 డాలర్లు. నమోదు చేసుకుని రాయకపోయినా 40 డాలర్లు పోతాయి.

ఏపీకి ఉన్న బలం దాని పేరు. దాదాపు ప్రతి పెద్ద యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనూ ఏ స్కోరుకు ఏ కోర్సు అన్న పట్టిక ఉంటుంది. ఎవరినీ బతిమాలకుండా, ఫోన్లు చేయకుండా మీరే చూసుకోవచ్చు. కొన్నిచోట్ల 3 చాలు, కొన్నిచోట్ల 4, పోటీ ఎక్కువున్నచోట 5 కావాలి. ఇంకో లాభం, పదకొండో తరగతిలోనే రాస్తే అడ్మిషన్ దరఖాస్తులో కూడా పనికొస్తుంది. పన్నెండో తరగతి మే నెలలో రాస్తే ఫలితం జూలైలో వస్తుంది. అప్పటికి అడ్మిషన్లు అయిపోతాయి, క్రెడిట్‌కు మాత్రమే ఉపయోగం.

బలహీనత ఏమిటంటే, ఒక్క పూట మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆ రోజు జ్వరం వస్తే కారణం చూపి ఆలస్యపు తేదీకి మార్చుకునే వీలుండొచ్చు. స్కోరు బాగా రాకపోతే మాత్రం మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

## డీఎస్ఎస్టీ

సైన్యంలో పనిచేసేవాళ్ల కోసం పుట్టిన పరీక్షలివి. ఇప్పుడు ఎవరైనా రాయొచ్చు. ప్రిన్సిపుల్స్ ఆఫ్ స్టాటిస్టిక్స్ పరీక్ష కంప్యూటర్ మీద 2 గంటలు ఉంటుంది, ప్రశ్నలన్నీ ఆప్షన్లవే. స్కోరు 200 నుంచి 500 వరకు, 400 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే 3 క్రెడిట్లు ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫార్సు చేస్తుంది. అది సిఫార్సు మాత్రమే, ఆదేశం కాదు. తీసుకోవాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. తప్పితే 30 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు. పరీక్ష ఫీజుకు తోడు సెంటర్ వాళ్లు విడిగా కొంత తీసుకుంటారు. మిలటరీలో ఉన్నవాళ్లకు మొదటిసారి ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది.

నా ఉద్దేశంలో ఇది పెద్దవాళ్ల పరీక్ష. డిగ్రీలో ఎప్పుడో స్టాటిస్టిక్స్ చదివి, ఆఫీసులో ఎక్సెల్ షీట్లతో రోజూ కుస్తీ పట్టేవాళ్లకు సెమిస్టరంతా క్లాసుకు వెళ్లే ఓపిక, టైమ్ ఉండవు. కొన్ని వారాలు గట్టిగా చదివి, దగ్గరలోని సెంటర్‌లో రాసేస్తే పని అయిపోతుంది. కానీ డీఎస్ఎస్టీని గుర్తించే కాలేజీలు ఏపీని గుర్తించేవాటి కన్నా బాగా తక్కువ. అందుకని కాలేజీలో క్రెడిట్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఫోన్లో "పర్లేదు" అన్న మాటను నమ్ముకోవద్దు.

ఇక్కడే క్లెప్ (కాలేజ్ బోర్డ్ నడిపే, ఇలాగే క్రెడిట్ కోసం రాసే పరీక్షలు) సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది రెండింటినీ కలిపేస్తారు. క్లెప్‌లో విడిగా స్టాటిస్టిక్స్ పరీక్ష లేదు. అందులోని కాలేజ్ మ్యాథమెటిక్స్ పరీక్షలో కొంత భాగం స్టాటిస్టిక్స్, సంభావ్యత ఉంటాయి గానీ దానితో స్టాటిస్టిక్స్ కోర్సుకు సమానమైన క్రెడిట్ రాదు.

## కమ్యూనిటీ కాలేజీ

పరీక్షల గోలే వద్దనుకుంటే ఇది పాత, నమ్మకమైన దారి. హైస్కూల్ పిల్లలు డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ (స్కూల్లో ఉంటూనే కాలేజీ క్లాసు చదవడం) పేరుతో, పెద్దవాళ్లు మామూలుగా చేరొచ్చు. కాలిఫోర్నియాలో రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లే. టెక్సస్‌లో ఈ కోర్సుకు కమ్యూనిటీ కాలేజీల్లో ఒకే నంబరు, మ్యాథ్ 1342. ఫ్లోరిడాలో ఎస్‌టీఏ 2023. ఇలా ఉమ్మడి నంబర్లు ఉండటం వల్ల అదే రాష్ట్రంలోని యూనివర్సిటీకి బదిలీ చేసుకోవడం సులువు. కాలిఫోర్నియాలో ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకు సమానమో అసిస్ట్ అనే సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. రాష్ట్రం దాటితే ఈ సుఖం ఉండదు. టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లే అమ్మాయికి అక్కరకొచ్చిన క్లాసు, న్యూజెర్సీ ప్రైవేటు కాలేజీలో ఎలెక్టివ్‌గా మిగిలిపోవచ్చు.

దీన్ని ఎంచుకునే ముందు పిల్లలకు ఒక విషయం స్పష్టంగా చెప్పండి. ఇక్కడ వచ్చే గ్రేడ్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద శాశ్వతంగా ఉంటుంది. తర్వాత మెడికల్ స్కూల్‌కు దరఖాస్తు చేస్తే, హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సుల గ్రేడ్లనూ ఆ జీపీఏలో కలుపుతారు. ఏపీలో 2 వస్తే ఆ స్కోరు కాలేజీకి పంపకపోతే సరిపోతుంది. ఇక్కడ సీ గ్రేడ్ వస్తే దాన్ని దాచలేం. పదో తరగతి పిల్లాడిని, అప్పటికే రోబోటిక్స్, టెన్నిస్, కూచిపూడి లేదా కర్నాటక సంగీతం క్లాసులతో ఊపిరాడని పిల్లాడిని, "చవకగా వస్తోంది కదా" అని ఇందులోకి తోయడం మంచిది కాదని గట్టిగా చెప్తాను.

## సోఫియా, స్ట్రెయిటర్‌లైన్, స్టడీ డాట్ కామ్

ఇవి కాలేజీలు కావు. కోర్సులు పెట్టి, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫార్సు తెచ్చుకున్న సంస్థలు. సోఫియా నెలసరి చందా మీద నడుస్తుంది, చకచకా చేస్తే ఒక నెల చందాలోనే కోర్సు అయిపోతుంది. పర్యవేక్షణలో రాసే ఫైనల్ పరీక్ష టెన్షన్ ఉండదు. స్టడీ డాట్ కామ్‌లో మాత్రం పర్యవేక్షణలో ఫైనల్ రాయాలి.

వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ, సదర్న్ న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ వంటిచోట ఆన్‌లైన్ డిగ్రీ చేసేవాళ్లకు సోఫియా బాగా పనికొస్తుంది. పేరున్న స్టేట్ యూనివర్సిటీకి వెళ్లే హైస్కూల్ పిల్లలకు దాదాపుగా పనికిరాదు.

## ఎవరికి ఏది

స్కూల్లో ఏపీ స్టాటిస్టిక్స్ క్లాసు ఉన్న పిల్లలు: ఏపీయే. క్లాసు ఎలాగూ వింటున్నారు, పరీక్ష రాయకపోవడానికి కారణం లేదు. ఇంట్లో ఒక వాదన తరచూ వినిపిస్తుంది: స్టాటిస్టిక్స్ తేలిక, క్యాలిక్యులస్ అయితేనే విలువ అని. సైకాలజీ, ఎకనామిక్స్, బయాలజీ, పబ్లిక్ పాలసీ వైపు వెళ్లే పిల్లలకు ఈ సబ్జెక్టు నాలుగేళ్లూ వెంట ఉంటుంది. దయచేసి చిన్నచూపు చూడకండి.

ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్: ఈ మేజర్లు చాలాచోట్ల క్యాలిక్యులస్ ఆధారంగా నడిచే ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ కోర్సు అడుగుతాయి. పై నాలుగు దారుల్లో మామూలుగా ఏదీ దానికి సరిపోదు. ఏపీ క్లాసు చదివితే తర్వాత కోర్సు సులువవుతుంది, అది నిజమైన లాభమే. క్రెడిట్ కోసమే అయితే ఆ సమయాన్ని ఏపీ క్యాలిక్యులస్ బీసీ మీద పెట్టడం మేలు.

మెడిసిన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు: మెడికల్ స్కూళ్లలో కొన్ని ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకుంటాయి, కొన్ని కాలేజీలో చదివిన కోర్సే కావాలంటాయి. ఏపీ రాయండి, కానీ యూనివర్సిటీలో బయోస్టాటిస్టిక్స్ వంటి పై కోర్సు ఒకటి తీసుకోవడానికి సిద్ధంగా ఉండండి.

ఉద్యోగం, సంసారం మధ్య డిగ్రీ పూర్తిచేసేవాళ్లు: మీ కాలేజీ సోఫియా తీసుకుంటే అదే. లేకపోతే డీఎస్ఎస్టీ తీసుకుంటుందా అడగండి. రెండూ కాకపోతే కమ్యూనిటీ కాలేజీ ఆన్‌లైన్ సెక్షన్. నర్సింగ్ లక్ష్యమైతే మాత్రం ముందే కమ్యూనిటీ కాలేజీ; గ్రేడ్ అడిగే అవకాశం ఎక్కువ.

ఎఫ్1 వీసా మీద బ్యాచిలర్స్ చదివేవాళ్లు: పరీక్షతో క్రెడిట్ తెచ్చుకోవచ్చు, కానీ సెమిస్టర్‌కు మామూలుగా 12 క్రెడిట్ల ఎన్‌రోల్‌మెంట్ ఉండి తీరాలి. పరీక్ష క్రెడిట్లు ఆ లెక్కలోకి రావు. ఒక క్లాసు వదిలేసే ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడగండి.

## ఎలా చదవాలి

ఇక్కడ మన చదువుల గురించి ఒక మాట. ఇంటర్ ఎంపీసీలో మ్యాథ్స్ 2ఏ చదివిన తల్లిదండ్రులకు విస్తరణ కొలతలు, సంభావ్యత, బైనామియల్, పాయిజాన్ విభాజనాలు గుర్తుంటాయి. పిల్లలకు ఆ భాగాలు చక్కగా చెప్పగలరు. అయితే ఆ సిలబస్‌లో శాంపిల్ చూసి మొత్తం జనాభా గురించి తేల్చే భాగం లేదు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్, హైపోథిసిస్ పరీక్షలు, కై-స్క్వేర్, ఇవన్నీ అదే. అమెరికా కోర్సులకు గుండెకాయ అది. పైగా మనం ఇంటర్‌లో వేరియన్స్‌కు మొత్తం సంఖ్యతో భాగించాం. ఇక్కడ శాంపిల్ వేరియన్స్‌కు ఒకటి తక్కువతో భాగిస్తారు. ఇంట్లో పాఠం చెప్పేటప్పుడు ఈ తేడా దగ్గర పిల్లలు గందరగోళ పడతారు.

ఏపీలో మార్కులు పోయేది లెక్కల దగ్గర కాదు, వాక్యాల దగ్గర. ఒక ఉదాహరణ చూడండి. ఒక స్కూలు పిల్లల్లో యాదృచ్ఛికంగా కొందరిని ఎంచి, రాత్రి నిద్ర సగటుకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వేస్తే 6.4 నుంచి 7.1 గంటలు వచ్చిందనుకుందాం. "95 శాతం మంది పిల్లలు 6.4 నుంచి 7.1 గంటలు నిద్రపోతారు" అని రాస్తే తప్పు. "ఆ స్కూలు పిల్లలందరి సగటు నిద్ర 6.4, 7.1 గంటల మధ్య ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పగలం" అంటే సరైనది. అసలు ఆ 95 శాతం అంటే ఏమిటని అడిగితే జవాబు వేరు: ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీసి ఇంటర్వెల్స్ వేస్తే, వాటిలో దాదాపు 95 శాతం అసలు సగటును పట్టుకుంటాయి. ఈ రెండు ప్రశ్నలనూ కలగలిపేసేవాళ్లే ఎక్కువ.

పీ-వాల్యూ కూడా అంతే. అది నల్ హైపోథిసిస్ ("తేడా ఏమీ లేదు" వంటి మొదటి ఊహ) నిజమయ్యే సంభావ్యత కాదు. నల్ నిజమే అనుకుంటే, మనకు వచ్చినంత లేదా అంతకన్నా విపరీతమైన ఫలితం రావడానికి ఉన్న సంభావ్యత. పీ-వాల్యూ పెద్దదిగా వస్తే "నల్ నిజమని తేలింది" అని రాయకూడదు. దాన్ని తోసిపుచ్చడానికి రుజువు చాలలేదని రాయాలి, అదీ ప్రశ్నలోని సందర్భంతో కలిపి.

2025 తీరులో వివరణ ప్రశ్న ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు ఇస్తారు. హైపోథిసిస్ పరీక్ష చేయమనే ప్రశ్నలో దిద్దేవాళ్లు చూసే వరుస స్థిరంగా ఉంటుంది. ఏ పరామితి (మొత్తం జనాభా సగటు వంటి అసలు విలువ) గురించి మాట్లాడుతున్నారు, హైపోథిసిస్‌లు ఏమిటి, షరతులు సరిపోయాయా, లెక్క, చివరగా సందర్భంతో కూడిన తీర్మానం. షరతుల పేర్లు రాసి టిక్కు పెడితే చాలదు. శాంపిల్ యాదృచ్ఛికమేనా, సరిపడినంత పెద్దదా అన్నది ప్రశ్నలోని అంకెలతో చూపించాలి. క్యాలిక్యులేటర్‌లో ఏ బటన్లు నొక్కారో రాస్తే వివరణ కింద లెక్కలోకి రాదు, సగటు ఎంత, స్టాండర్డ్ డీవియేషన్ ఎంత అని విడమర్చాలి. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు రాసి వదిలేస్తే, వాటిలో బలహీనమైనదానికే మార్కులు వేస్తారు. కాబట్టి వద్దనుకున్నదాన్ని కొట్టేయండి.

పాత సంవత్సరాల వివరణ ప్రశ్నలు, వాటి మార్కుల పద్ధతి, విద్యార్థులు నిజంగా రాసిన జవాబుల నమూనాలు కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పెట్టి కోచింగ్‌కు పంపే ముందు ఇవి వాడండి. పిల్లలు జవాబు రాశాక, మార్కుల పద్ధతి పక్కన పెట్టుకుని వాళ్లే దిద్దుకోవాలి. దీనికి మించిన తయారీ నాకు తెలియదు. పాఠం అర్థం కాని చోట ఖాన్ అకాడమీ వీడియోలు, ఓపెన్‌స్టాక్స్ ఉచిత పాఠ్యపుస్తకం సరిపోతాయి.

డీఎస్ఎస్టీకి తయారీ వేరు. అక్కడ వాక్యాలు రాయనక్కర్లేదు, కానీ ఏ పరిస్థితికి ఏ పరీక్ష వాడాలో వెంటనే గుర్తుపట్టాలి. ఒక సగటా రెండు సగటులా, జంటలుగా తీసిన డేటానా విడివిడిదా, శాతమా సగటా అని చూసి నిర్ణయించడం సాధన చేయండి. ప్రోమెట్రిక్ ఇచ్చే ఫ్యాక్ట్ షీట్‌లోని అంశాల జాబితాను పక్కన పెట్టుకుని చదవండి. ఏపీ పుస్తకం ఒక్కదాన్నే నమ్ముకుంటే కొన్ని అంశాలు తప్పిపోవచ్చు, ఎందుకంటే రెండు సిలబస్‌లూ ఒకటి కావు.

## పరీక్ష రోజు, ఆ తర్వాత

ఏపీకి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ అనుమతిస్తారు. పిల్లల్లో ఎక్కువమంది టీఐ-84 వాడతారు. కొత్తది కొని పరీక్షకు ముందు వారం ఇవ్వకండి. ఏడాదంతా వాడిన దాని మీదే వేళ్లు పరుగెత్తుతాయి. సూత్రాల పట్టిక, జెడ్, టీ, కై-స్క్వేర్ పట్టికలు పరీక్షలోనే ఇస్తారు కాబట్టి సూత్రాలు బట్టీపట్టడం కన్నా ఆ పట్టికలో ఏది ఎక్కడుందో తెలిసి ఉండటం ముఖ్యం. ఆరు ప్రశ్నలున్న 2025 తీరులో, వివరణ భాగంలో ఐదు ప్రశ్నలూ అయ్యాక ఆరోదానికి మిగిలినంత సమయం అనుకునే పిల్లలు చివర్లో ఇరుక్కుపోతారు. దానికి 25 నిమిషాలు పక్కన పెట్టమని చెప్పండి. దాని మొదటి భాగాలు తేలికగానే ఉంటాయి, అవి వదులుకోకూడదు.

డీఎస్ఎస్టీకి ఏ రకం క్యాలిక్యులేటర్ పనికొస్తుందో ఫ్యాక్ట్ షీట్‌లో చూసి వెళ్లండి. గ్రాఫింగ్‌ది తీసుకెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోవద్దు.

పన్నెండో తరగతి పిల్లలు జూన్ 20లోగా కాలేజ్ బోర్డ్ ఖాతాలోకి వెళ్లి తాము చేరబోయే కాలేజీ పేరు ఎంచుకుంటే, ఆ ఏడాది స్కోరు నివేదిక ఒక కాలేజీకి ఉచితంగా వెళ్తుంది. డీఎస్ఎస్టీ రాసేవాళ్లు పరీక్ష రోజునే కాలేజీ పేరు ఇస్తే మంచిది, కాబట్టి ఆ వివరం చేతిలో పెట్టుకుని వెళ్లండి. స్కోరు చేరిన రెండు మూడు వారాలకు కాలేజీ పోర్టల్‌లో ట్రాన్స్‌ఫర్ క్రెడిట్ పేజీ తెరిచి, అది ఏ కోర్సు కింద పడిందో చూసుకోండి. ఎలెక్టివ్ కింద పడి ఉంటే కోర్సు సిలబస్ జతచేసి డిపార్ట్‌మెంట్‌కు రాయండి. మొదటి సెమిస్టర్ క్లాసులు ఎంచుకునేలోపే ఈ పని పూర్తవ్వాలి.